పదమూడంటే పన్నెండూ ఒకటీ

పార్వతీపురం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఈ ఉత్తరం మీ పేరున రాయడం లేదు, మీ కుర్చీకి రాస్తున్నాను. కొండల్లో అందరికీ మీరు ‘పీవో గారు’. పేరు తెలిసినవాళ్లు తక్కువ. పీవోలు వస్తారు, ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో, ఏ గూడకి ఏ దారిన ఎక్కాలో తెలిసే వేళకి బదిలీ మీద వెళ్లిపోతారు. గూడలో బడి మాత్రం అక్కడే ఉంటుంది. అందుకని ఇవాళ ఆ కుర్చీలో ఉన్నవారు దీన్ని చదివి, వెళ్లేటప్పుడు కొత్తవారికి అప్పగించే ఫైళ్లలో పెట్టి వెళ్లాలని నా కోరిక.

నేను కురుపాం చుట్టుపక్కల కొండ గూడల్లో ప్రాథమిక బడుల్లో పనిచేసి రిటైరైన సెకండరీ గ్రేడ్ టీచర్ని. నాకు పెన్షన్ గొడవ లేదు, ఎవరి బదిలీకీ సిఫార్సు అడగడం లేదు. బడికీ ఇంటికీ మధ్యనున్న గుమ్మం గురించి రాస్తున్నాను. ఆ గుమ్మం నేనూ కొన్నాళ్లు మూసే ఉంచాను కాబట్టి ముందు నా తప్పు చెప్పుకోవాలి.

చాలా ఏళ్ల కిందటి మాట. రెండో తరగతి పిల్లల ముందు చింతపిక్కలు పోసి, లెక్కపెట్టి పలక మీద రాయమన్నాను. ఒక సవర కుర్రాడు పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుని పలక తెచ్చి చూపించాడు. దాని మీద ‘20 12 1’ అని ఉంది. పిక్కలు ముప్పై మూడు. నేను అడ్డంగా గీత కొట్టి, పదుల స్థానం, ఒకట్ల స్థానం అని మొదటినుంచీ మొదలెట్టాను. వాడు మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ అదే రాశాడు. ‘మొండిఘటం’ అన్నాను అందరి ముందూ. మర్నాడు వాడు బడికి రాలేదు. మేకల వెంట కొండెక్కాడని పిల్లలు చెప్పారు.

కొన్నాళ్లకు సంతలో ఆ కుర్రాడి మామ్మ కనిపించింది. కొండచీపురు కట్టలు పరుచుకుని కూర్చుంది. బేరగాడు ఎన్నున్నాయని అడిగితే, వేలితో చూపిస్తూ గబగబా లెక్కపెట్టి ‘బోకొడి మిగ్గెల్‌బోయ్’ అంది. పక్కనున్న కుర్రది తెలుగులో చెప్పింది: “ఇరవై, పన్నెండు, ఒకటి.” బేరగాడికి అది అలవాటే, డబ్బు లెక్కకట్టి ఇచ్చేశాడు. నేనే అక్కడ నిలబడిపోయాను. సంతలో చెల్లిన లెక్క నా బడిలో చెల్లలేదు.

తర్వాత తెలుసుకున్నాను. సవర లెక్కలో పన్నెండు దాకా ఒక్కో అంకెకు ఒక్కో పేరుంది. పన్నెండు ‘మిగ్గెల్’. పదమూడు ‘మిగ్గెల్‌బోయ్’, అంటే పన్నెండూ ఒకటీ. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడూ. ఇరవై దగ్గర ‘బోకొడి’ అని కొత్త మెట్టు మొదలవుతుంది. ముప్పై మూడంటే ఇరవై, దాని మీద పన్నెండు, దాని మీద ఒకటి. పలికే తీరు కొండకో రకం కావచ్చు గానీ కట్టుబడి ఇదే. పన్నెండునీ ఇరవైనీ ఇలా కలిపి కట్టిన లెక్క లోకంలో చాలా అరుదని భాషాశాస్త్రం చదివినవాళ్లు అంటారు. ఫ్రాన్సులో తొంభై మూడుని ‘నాలుగు ఇరవైలూ పదమూడు’ అనే అంటారు. అందుకని ఆ దేశపు పిల్లల్ని లెక్క రాని మొండిఘటాలని ఎవరూ అనలేదు.

ఆ కుర్రాడు తప్పు చెయ్యలేదు, పీవో గారూ. సవరలో ఆలోచించి, తెలుగులోకి మార్చి, అంకెల్లో రాశాడు. ఏడేళ్ల వయసులో మూడు పనులు ఒకేసారి చేశాడు. నేను చూడాల్సింది ఆ మార్పిడి. ‘ఇరవై, పన్నెండు, ఒకటి కలిపితే ఎంతరా’ అని ఒక్క మాట అడిగివుంటే కూడిక పాఠం దానంతటదే వచ్చేది. దాని బదులు, మీ మామ్మకి వచ్చింది బడిలో పనికిరాదని నేర్పి పంపాను. ఇంట్లో తెలిసినదంతా బడిలో తప్పేనని ఒకసారి మనసులో నాటుకుంటే పిల్ల ఇక సొంతంగా ఆలోచించదు. మాస్టారి పెదాల వంక చూసి జవాబు ఊహిస్తుంది. పదో తరగతి గట్టెక్కుతుందేమో గానీ, ఆ తర్వాత పుస్తకం ముట్టదు. జీవితాంతం నేర్చుకునే మనిషిని తయారుచేయడం గురించి శిక్షణ తరగతుల్లో పెద్ద మాటలు చాలా విన్నాం. ఆ నేర్చుకునే గుణం పోయేది ఇలాంటి పలక గీతల దగ్గరే.

నిజానికి కొండ మీద చదువు ముగించినవాళ్లంటూ ఎవరూ లేరు. ఏ వానకి సామ చల్లాలి, ఏ వాలులో కంది నిలుస్తుంది, ఏ దుంప ఎన్ని నీళ్లు మారిస్తే చేదు విడుస్తుంది అన్నది నలభై ఏళ్ల మనిషి కూడా అరవై ఏళ్లవాళ్లని అడుగుతాడు. అడగడానికి నామోషీ పడడు. జీడిమామిడి ఈ కొండలకి వచ్చినప్పుడు ఎవరూ కోర్సులు చదవలేదు. పక్క గూడలో చూసి, నాలుగు మొక్కలు పోగొట్టుకుని, అయిదోది బతికించుకున్నారు. ఇలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్ల బడిగుమ్మం దాటగానే నోరెందుకు కుట్టేసుకుంటుంది? లోపం ఇంట్లో ఉందని ముప్పై ఏళ్లు చెప్పుకున్నాం. ఇంటిని బడిలోకి రానివ్వకపోవడం అసలు లోపం.

తల్లిదండ్రుల్ని బడికి పిలవడం లేదని నేననను. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజున మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. 2025 జులై 10న రెండోది పెట్టారు. అదే ఏడు డిసెంబరు 5న మూడోదానికి ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి మన జిల్లాలోని భామినికే వచ్చారు. పండగలా పిలిచి కుర్చీ వేస్తే బడి మనదేనన్న భావం కలుగుతుంది, కాదనను. అయితే పండగ ఏడాదికి ఒకటో రెండో రోజులు. మిగతా రెండు వందల పైచిలుకు పనిదినాల్లో అమ్మకీ బడికీ ఏం పని?

చట్టం ప్రకారం చాలా పని ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెప్పిన యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఇంతకంటే బలమైన హక్కు ఏం కావాలి? కొండ మీదికొచ్చేసరికి అది తీర్మానాల పుస్తకంలో వేలిముద్రగా మిగిలింది. మీటింగ్ పెట్టేది పోడు పని ముమ్మరంగా ఉన్న రోజు, పదకొండు గంటలకు. “ఏటి రాసినారు బాబూ?” అని ఒకామె అడిగితే, “నీకెందుకమ్మా, ముద్ర వెయ్” అన్న జవాబు నా చెవులతో విన్నాను. ఆ జవాబు ఒకట్రెండుసార్లు నేనూ చెప్పాను.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజనుల అక్షరాస్యత 49.2 శాతం. అంటే అప్పటికి సగం మందికి పైగా అచ్చక్షరం రానివాళ్లే, మన బడులకు పిల్లల్ని పంపే ఇళ్లలో చదవగల పెద్దలు లేనివి ఎన్నో. అలాంటి ఇంటికి ‘పిల్లల్ని కూర్చోబెట్టి చదివించండి’ అని కబురు పంపితే ఏమవుతుంది? వాళ్లు చేతులెత్తేస్తారు. “మాకేటి తెలుసు మాస్టారూ, మీరే సూసుకోండి.” ఈ మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో. అందులో వినయం కంటే ఓటమి ఎక్కువ. 2025 జూన్ నుంచి ‘తల్లికి వందనం’ కింద అమ్మల ఖాతాల్లో 13 వేలు పడుతున్నాయి. మంచిదే, జీడిపిక్కల కాలంలో పిల్లని పనిలోకి లాగకుండా కొందరినైనా అది ఆపుతుంది. అమ్మకి మనం ఇచ్చేది కనిపిస్తోంది. అమ్మ దగ్గరనుంచి బడి తీసుకోవాల్సింది ఒకటుంది, దానికి ఇంతవరకూ ఖాతా తెరవలేదు.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పనీ కాదు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మనం దండలు వేసే గిడుగు రామమూర్తి గారు ఈ దారి మనకంటే నూరేళ్ల ముందు నడిచారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. సవరలకు సవరలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. వాడుకభాషలో చదువు చెప్పమని తెలుగు కోసం ఆయన ఎంత పోరాడారో, అదే న్యాయం సవర బిడ్డకీ వర్తించాలన్నారు. మనం ఆయన పోరాటంలో తెలుగు సగం పుచ్చుకుని, సవర సగం కొండ మీదే వదిలేశాం.

1960ల్లో ఈ కొండల్లో జనం మాట విన్నది కూడా ఇద్దరు పంతుళ్లదే, వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. వాళ్లు పట్టిన సాయుధ పోరాటపు దారి మంచిచెడులు వేరే చర్చ. 1967 అక్టోబరు 31 నాటి మొండెంఖల్ సభ, దాని వెనకాముందూ జరిగిన నెత్తురు చరిత్ర మీ ఆఫీసు ఫైళ్లలోనూ ఉంటుంది. నేను చెప్పేది ఒక్కటే, గూడలో నిద్ర చేసి, అక్కడి మనిషిని మనిషిగా చూసిన మాస్టారి మాటకు ఇక్కడ అంత విలువ. సరిగ్గా ఆ ఏడే ఇటలీలో బార్బియానా అనే కొండ ఊరి రైతుబిడ్డలు ఎనిమిది మంది, తమలాంటివాళ్లని పరీక్ష తప్పించి ఇంటికి పంపే పంతులమ్మకు ఒక ఉత్తరం రాశారు. అది పుస్తకమై ఎన్నో భాషల్లోకి వెళ్లింది. కొండ పిల్లలు బడిని ప్రశ్నించడం ఎక్కడైనా ఒకే రకంగా ఉంటుంది కాబోలు. మా కుర్రాడు ఉత్తరం రాయడం రాక మేకల వెంట పోయాడు.

సర్కారు కూడా ఈ దిక్కుగా అడుగులు వేయకపోలేదు. 1990ల్లో ఏజెన్సీలో ‘మాబడి’ పేరుతో ఊరివాళ్లే పాక వేసుకుంటే, ఆ ఊరి యువకుడే పాఠం చెప్పిన బడులు నడిచాయి. 2004 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ, కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. సవర వాచకం మొదటిసారి తెరిచిన రోజున మా పిల్లలు నవ్విన నవ్వు నాకింకా గుర్తే. వాళ్లింటి మాట అచ్చులో ఉండడం వాళ్లకి మాయలా తోచింది. తర్వాత పుస్తకాలు బీరువాలోకి వెళ్లాయి. మాతృభాషా వలంటీర్లను పెట్టడం, ఆపడం, మళ్లీ రెన్యువల్ కోసం వాళ్లు తిరగడం చూస్తూనే ఉన్నాం. పథకం బాగుంటుంది, పట్టు ఉండదు.

ఇప్పుడు ఆ మామ్మ దగ్గరికి వస్తాను. సంతలో చూసిన వారానికి వాళ్ల ఇంటికి వెళ్లి, బడికి రమ్మన్నాను. మనవడితో వచ్చింది గానీ లోపలికి రాలేదు. గుమ్మం బయట నిలబడి, గొడుగు గోడకి ఆనించి, “లోపలికి రావొచ్చా?” అంది. మనవడి పేరు హాజరు పట్టీలో ఎక్కి రెండేళ్లయినా, ఆ గదిలోకి ఆమె రావడం అదే మొదలు. కుర్చీ వేస్తే వద్దని నేల మీద కూర్చుంది. ఒళ్లో అడ్డాకులు, చేతిలో ఈనెపుల్లలు. విస్తరాకు కుడుతూ ఒక్కొక్కటే సవరలో లెక్కపెట్టింది. పిల్లలు ఆమె వెంట చెప్పారు. పన్నెండు అవగానే ఆగి ఒక దొంతర పక్కన పెట్టింది. ఇరవైకి ఇంకో దొంతర. మనవడిని బోర్డు దగ్గరికి పిలిచాను. ఆమె చెప్పినదాన్ని వాడు తెలుగులో చెప్పి, పదులూ ఒకట్లుగా రాశాడు. బడిలోని జాతాపు తెగ పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాబట్టి వాళ్లకి సవర లెక్క కొత్త. ఆ రోజు వాళ్లు వాడి దగ్గర నేర్చుకున్నారు. మొండిఘటం పంతులయ్యాడు. గంట అయ్యేసరికి రెండు లెక్కల్లోనూ ముప్పై మూడు ఒకటేనని గది మొత్తానికీ తెలిసింది. స్థానవిలువ మీద నేను అంత బాగా పాఠం చెప్పిన రోజు ఇంకొకటి లేదు. నిజానికి చెప్పింది నేను కాదు.

ఆ తర్వాత ఆమె గొడుగు ఎప్పుడూ బయట ఆనించలేదు. లోపలికి తెచ్చుకుని మూలన పెట్టేది. నెలకోసారైనా వచ్చేది. విత్తనాలు తెచ్చేది, కథ చెప్పేది, ఆవిడ చెప్పిన కథను పిల్లలు తెలుగులో రాసి బొమ్మ వేసేవాళ్లు. సవర ఇళ్ల గోడల మీద మనుషులు, చెట్లు, జంతువులు బారులు తీరిన బొమ్మలు మీరు చూసేవుంటారు. సీతంపేట దగ్గర అడ్డాకులగూడ వాటికి పేరుపడ్డ ఊరు. అక్షరం రానివాళ్లని మనం అనే ఇళ్లలో గోడలు అలా కథ చెబుతుంటే, ఆ ఇంటి పిల్లలకు బొమ్మ వేయడం ఎవరు నేర్పాలి? మేం పలకలూ కాగితాలూ ఇచ్చి పక్కకు తప్పుకున్నాం.

‘మాకు సవర వద్దు, ఇంగ్లీషు కావాలి’ అని తల్లిదండ్రులే అంటున్నారు కదా అని మీరు అడగొచ్చు. అంటారు. ఆ కోరిక తప్పు కాదు. కిందికి దిగితే బ్యాంకులో, ఆస్పత్రిలో, ఆఫీసులో వాళ్లకి ఎదురయ్యేది తెలుగూ ఇంగ్లీషే. నేనూ ఆ రెండూ గట్టిగా రావాలనే అంటాను. గెడ్డ దాటాలంటే మొదటి కాలు ఇవతలి ఒడ్డు రాయి మీదే పెట్టాలి. ఆ రాయి పిల్ల ఇంటి భాష. దాన్ని తీసేసి అవతలి ఒడ్డుకి దూకమంటే నీళ్లలో పడతారు. పడుతున్నారు కూడా. అయిదో తరగతికి వచ్చి తెలుగు వాక్యం గుణించుకుని చదివే పిల్లల్ని మీరు తనిఖీల్లో చూసేవుంటారు.

మరి మిమ్మల్ని అడిగేదేమిటి? కొత్త భవనాలు, కొత్త పథకాలు అడగను. నాలుగు పనులు, అన్నీ మీ సంతకం పరిధిలోవే.

మొదటిది, గూడ బడుల టైంటేబుల్లో వారానికి ఒక పీరియడ్ ఇంటి పెద్దలకు రాసివ్వండి. పండగనాడు శాలువా కప్పే పిలుపు కాదు, మామూలు పీరియడ్. లెక్క, విత్తనం, వైద్యం చెట్టు, పాట, కందికొత్తల పండగ కథ, ఏదైనా. కూలి పోగొట్టుకుని వచ్చే మనిషికి ఆ పూట గౌరవ వేతనం ఇవ్వండి. అతిథి ఉపన్యాసకులకు కాలేజీల్లో ఇస్తున్నప్పుడు మామ్మకి ఎందుకు ఇవ్వకూడదు?

రెండోది, కమిటీ మీటింగులు సాయంత్రం పెట్టించండి, గూడలోనే, ఆ గూడ మాటలో. తీర్మానం రాశాక చదివి వినిపించి, దాని అర్థం ఒక తల్లి తిరిగి చెప్పిన తర్వాతే ముద్ర వేయించాలని ఒక సర్క్యులర్ చాలు.

మూడోది, కొండకు పోస్టింగ్ వచ్చిన ప్రతి టీచరుకీ చేరగానే కొన్ని వారాలు సవర నేర్పించండి. నేర్పేవాళ్లు గూడల్లోనే ఉన్నారు. గిడుగు గారికి ఐటీడీఏ లేదు. ఆయన సొంతంగా నేర్చుకున్నారు. మనకి ఐటీడీఏ ఉండి కూడా నేర్చుకోకపోతే ఏం చెప్పుకుంటాం? భాష తెలిసిన వలంటీర్లకు ఏటా జూన్‌లో గుబులు లేకుండా కొనసాగింపు ఇవ్వండి. బీరువాల్లో ఉన్న వాచకాలు బయటికి తీయించండి.

నాలుగోది, బడి గదిలోని కథల పుస్తకాలు తాళం వేసి దాచకుండా శనివారం ఇంటికి పంపమని చెప్పండి. చిరుగుతాయి. చిరగనివ్వండి. చెదలు తిన్నదానికంటే పిల్ల చేతిలో చిరిగిన పుస్తకం నయం. ఆడిట్‌లో ఎవరైనా అడిగితే సంజాయిషీ మీరు రాయండి, మాస్టార్ల మెడకు చుట్టకండి.

గూడల్లో ఈ ఉత్తరం ఎవరైనా చదివి వినిపిస్తే, అమ్మలకీ అయ్యలకీ కూడా రెండు ముక్కలు. పిల్ల ఇంటికొచ్చాక ‘ఏం చదివావు’ అని గద్దించకండి. ‘ఇవాళ నాకేం నేర్పుతావు’ అని అడగండి. అది నేర్పింది మీరు నేర్చుకోండి, తర్వాత మీకు వచ్చినదొకటి దానికి నేర్పండి. పది నిమిషాలు చాలు, దీపం కూడా అక్కర్లేదు. చింతపండు రోజుల్లో, జీడిపిక్కల రోజుల్లో పిల్ల చెయ్యి సాయం కావాలని నాకు తెలుసు. బడి వేళ దాటాక తీసుకోండి. కల్లు తాగిన పూట పిల్ల పలక జోలికి పోకండి. బడికి వస్తే గుమ్మం బయట నిలబడకండి. అది మీ కష్టార్జితంతో, మీ నేల మీద కట్టిన గది.

పీవో గారూ, ఆ కుర్రాడు పెద్ద ఆఫీసరయ్యాడని చెబితే ఈ ఉత్తరానికి మంచి ముగింపు వచ్చేది. కాలేదు. ఊళ్లోనే ఉన్నాడు. జీడితోట చూసుకుంటాడు, చీపురు కట్టలు తూకానికి తెచ్చినవాళ్ల లెక్కలు రాస్తాడు, సెల్‌ఫోన్‌లో ధరలు చదివి గూడలో చెబుతాడు. మొన్న సంతలో కలిస్తే జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. మామ్మ పోయేలోగా ఆవిడ నోటి లెక్కలు, కథలు ఇందులో రాసుకున్నానని చూపించాడు, సవర మాటలు తెలుగు అక్షరాల్లో. ఎవరూ పరీక్ష పెట్టలేదు, ఎవరూ రాయమనలేదు.

అలాంటి నోటుబుక్కు మీ ఏజెన్సీలో ప్రతి గూడకీ ఒకటి ఉండాలి. అది మొదలవ్వాలంటే ఈ వారమే ఏదో ఒక బడికి ఒక మామ్మని పిలిపించండి. మీరూ వెళ్లి నేల మీద కూర్చోండి, పదమూడు ఎలా అంటారో నేర్చుకోండి.

ఇట్లు
మీ విధేయుడు,
ఒక రిటైర్డ్ సెకండరీ గ్రేడ్ టీచరు,
కురుపాం